గుట్ట ఇచ్చిన జాబితా: ఎర్రచెలకలో ఒక తోట, మూడేళ్ల కేస్ స్టడీ

ఈ తోటలో మొదటి ఏడాది నాటిన 64 మొక్కల్లో 41 పోయాయి. జాబితా నాదే, గోతుల కొలత నాదే, మట్టి ఎంపికా నాదే. తోటలు వేయడం వృత్తిగా పెట్టుకుని అప్పటికే పదేళ్లు దాటింది కాబట్టి, తప్పును ఎండ మీదకో పనివాళ్ల మీదకో నెట్టడానికి మొహం చెల్లలేదు. రెండో ఏడాది మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాం. మూడో వేసవి కూడా దాటాక రాస్తున్నాను.

స్థలం పావు ఎకరం కంటే కాస్త ఎక్కువ. దక్కన్ పీఠభూమి మీద ఎక్కడ చూసినా కనిపించే రకమే. పైన అడుగో అడుగున్నరో ఎర్రచెలక, దాని కింద మొరం, ఇంకా తవ్వితే రాయి. ఇల్లు ఎగువన ఉంది. అక్కడి నుంచి తూర్పుకు మెల్లగా వాలు. వెనక ప్రహరీ దాటగానే ఒక చిన్న రాతి గుట్ట. ఇల్లు కట్టేటప్పుడు జేసీబీ పెట్టి స్థలమంతా చదును చేయించారు. పైమట్టి సగం పునాదుల్లోకి పోయింది, మిగిలిన దాంట్లో కంకర, సిమెంటు పెళ్లలు కలిశాయి.

ఇంటివాళ్లు కొత్తగా రిటైరైన దంపతులు. ఆయన అడిగినవి మూడు: నీళ్లు తక్కువ తాగాలి, మందులు కొట్టకూడదు, పిట్టలు రావాలి. ఆవిడ అడిగింది ఒక్కటే: "విదేశీ మొక్కలొద్దండీ, అన్నీ మన మొక్కలే పెట్టండి." సరే అన్నాను. ఆ "మన" దగ్గరే బోల్తా పడ్డాను.

"మన మొక్క" అంటే ఎక్కడి మొక్క

నేను రాసుకున్న జాబితాలో పొగడ, సంపెంగ, పొన్న, ఏడాకుల పాల, కదంబం, అశోక ఉన్నాయి. ఏ పుస్తకం తీసినా ఇవన్నీ భారతదేశపు మొక్కలే. అబద్ధం లేదు. కానీ దేశం పటం మీద గీసిన గీతను మొక్కలు పట్టించుకోవు. సంపెంగ సొంత ఊరు పడమటి కనుమల తడి అడవులు, హిమాలయాల తూర్పు పాదాలు. పొన్న సముద్రపు ఒడ్డు చెట్టు. కదంబానికి వేళ్ల దగ్గర తడి ఆరకూడదు. అశోక వాగుల పక్క, పెద్ద చెట్ల నీడలో పెరిగేది. పొన్న లెక్కలో చూస్తే నా చెలక కంటే సింహళం బీచ్ దానికి దగ్గర చుట్టం.

అంత దూరం పోనక్కర్లేదు, తెలుగు నేల మీదే చూడండి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. శ్రీకాకుళంలో దానికి దాదాపు రెట్టింపు. కోస్తాకు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల వాన కూడా బాగా అందుతుంది. పీఠభూమి మీద అలా కాదు. వానలో పెద్ద వాటా జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది, ఆ తర్వాత ఎనిమిది నెలలు దాదాపు ఎండే. మొక్కకు ఏడాది మొత్తం వాన ఎంత అన్నది ఒక ప్రశ్న. వాన ఆగాక ఎన్ని నెలలు బతకాలి అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. నేను మొదటిది మాత్రమే చూశాను.

ఇంకో సంగతి. ఈ పీఠభూమి అడవి ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఇక్కడి చెట్లు చాలామటుకు ఆకులు దులిపేసుకుంటాయి. ఆకు ఉంటే నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి, అందుకని అసలు ఆకునే వదిలేస్తాయి. నా మొదటి జాబితాలో దాదాపు అన్నీ ఏడాది పొడవునా పచ్చగా ఉండేవే. అంటే ఎండాకాలంలో నీళ్లు ఆదా చేసుకునే అలవాటు లేని మొక్కల్ని తెచ్చి, నీళ్లు తక్కువ పోస్తానని ఒప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

జూలైలో నాటాం. డిసెంబరు దాకా కళకళలాడాయి. మార్చిలో అంచులు మాడటం మొదలైంది. మే నెలాఖరుకి లెక్క పైన చెప్పిందే. మిగిలిన 23లో ఎక్కువ పొగడలే. దానికి మాత్రం హ్యాట్సాఫ్, అనుకున్నదానికంటే మొండిది. స్నానాలగది నీళ్లు పోయే దారిలో ఉన్న రెండు సంపెంగలు కూడా బతికాయి. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తీసేయాలని ఎవరికీ అనిపించలేదు.

గోతిలో ఏముంది

"మీరు చెప్పినట్టే నీళ్లు పెట్టాం కదండీ" అన్నారు ఆయన. నిజమే, పెట్టారు. చచ్చిన మొక్క పీకేసి ఇంకోటి పెడితే డబ్బు, టైమ్ రెండూ దండగ. అందుకని కారణం చూద్దామని ఒక కదంబాన్ని పీకకుండా, చుట్టూ అడుగు దూరం వదిలి గునపంతో తవ్వించాను.

తోటపని చూసే పెద్దాయన ఒకరున్నారు, అందరం తాత అంటాం. ఆయనే తవ్వాడు. మొరం గట్టిగా ఉంది, గునపం దెబ్బకు ఖణేల్‌మంటోంది. రెండడుగుల లోతుకు వెళ్లాక గోతి గోడ బయటపడింది. బయట ఎర్రటి మొరం, లోపల నేను నింపించిన నల్లటి చెరువు మట్టి. రెండింటి మధ్య గీత గీసినట్టుంది. ఎండకు నల్లమట్టి ముడుచుకుపోయి గోతి గోడ నుంచి విడిపోయింది, ఆ సందులో రెండు వేళ్లు దూరుతున్నాయి. మొక్క వేళ్లు ఒక్కటి కూడా ఆ గీత దాటలేదు. నల్లమట్టి లోపలే గుండ్రంగా తిరిగి తిరిగి చాప అల్లినట్టు అల్లుకున్నాయి. ఇంకా లోపల, నర్సరీ సంచిలో చుట్టుకున్న పాత వేళ్ల ముద్ద అలాగే ఉంది. అడుగున వేళ్లు నల్లబడి, గిల్లితే తొక్క ఊడొచ్చింది. కుళ్లిన వాసన. అది వేసవిది కాదు, ఆగస్టు నాటి కుళ్లు.

అప్పుడు అర్థమైంది. మొరంలో గొయ్యి తవ్వి, నీళ్లు పట్టి ఉంచే మట్టి నింపితే అది గొయ్యి కాదు, భూమిలో పాతిన కుండీ. వానాకాలంలో చుట్టుపక్కల నీళ్లన్నీ దాంట్లోకి దిగి, బయటికి పోయే దారిలేక నిలిచాయి. సగం వేళ్లు అప్పుడే చచ్చాయి. మిగిలిన సగం వేళ్లతో మొక్క వేసవిని దాటలేకపోయింది. మేం పోసిన నీళ్లు ఆ బీటల సందుల్లోంచి కిందికి జారిపోయాయి. మంచి మట్టి వేస్తే మంచి జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు, నేనే నమ్మాను. చాలామంది ఇప్పటికీ అలాగే చేస్తున్నారు.

తాత గునపం ఆనించి నిలబడి, గుట్ట వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "గుట్ట మీది చెట్లకు ఎవరు పోసిండ్రు సారూ, నల్లమట్టి?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం గుట్ట ఎక్కాం.

మే నెలలో ఎక్కాలి

మొక్కల కోసం ఊరి చుట్టూ తిరిగేవాళ్లు మామూలుగా వానాకాలంలోనో చలికాలంలోనో తిరుగుతారు. అప్పుడు అన్నీ పచ్చగానే ఉంటాయి, ఏదీ తేలదు. మే నెల మధ్యాహ్నం ఎక్కితే జాబితా దానంతట అదే తయారవుతుంది. ఆ వేడిలో ఎవరు నిలబడ్డారు, ఎవరు ఆకు దులుపుకుని నిద్రపోతున్నారు, ఎవరు కొత్త చిగురు వేస్తున్నారు, అన్నీ కనిపిస్తాయి. మేం తర్వాత ఆగస్టులో, డిసెంబరులో కూడా వెళ్లాం. ఆగస్టులో గడ్డి, తీగలు చూసుకున్నాం, డిసెంబరులో విత్తనాలు. కానీ నిర్ణయాలన్నీ మే నడకలోనే అయిపోయాయి.

పైన రాళ్ల సందుల్లో నల్లేరు, బందారు, తంగేడు. తంగేడైతే ఆ ఎండలోనూ పూలతో ఉంది. నడుమ భాగంలో మోదుగ, రేల, అంకుడు, ఊడుగ, అక్కడక్కడా బిల్లుడు, తెల్లతుమ్మ. వాటి కింద బలుసు, కలివి పొదలు. ఎటు చూసినా మోకాలెత్తు తునికి. గుట్ట పాదంలో వాన నీళ్లు దిగే చోట వావిలి, ఇంకా కిందికి వాగు పక్కన కానుగ, ఒక ముసలి నేరేడు. నేను మొక్కల పేర్లు రాసుకుంటుంటే తాత ఆపాడు. పేరు కాదు, ఏది ఎక్కడ నిలబడిందో రాసుకోమన్నాడు. కానుగ పైకి ఎందుకు ఎక్కలేదో, బందారు కిందికి ఎందుకు దిగలేదో చూడమన్నాడు. అసలు విషయం అదే. మా స్థలంలోనూ అదే వాలు ఉంది, అవే మూడు మెట్లు ఉన్నాయి. పైన పల్చటి మట్టి, నడుమ మొరం, కింద కాస్త తడి. గుట్ట మీది వరసను అలాగే స్థలంలోకి దించితే చాలు.

అయితే గుట్ట మీద కనిపించిందల్లా గుట్టది కాదు. అంచులన్నీ సర్కారు తుమ్మ ఆక్రమించింది. పుట్టిల్లు అమెరికా ఖండం. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప ప్రాంతంలో నాటారు, ఇప్పుడు దేశంలో చాలా చోట్ల పాకింది. లంటానా కూడా అమెరికా ఉష్ణ ప్రాంతాలదే, పూలు బాగున్నాయని తోటల కోసం తెచ్చుకున్న మొక్క. ఇప్పుడు అడవుల్లో కింద గడ్డి మొలవనీయడం లేదు. వయ్యారిభామ సంగతి చెప్పక్కర్లేదు. ఈ మూడూ జాబితాలోకి రాకూడదు, స్థలంలో ఉంటే పూతకు ముందే పీకాలి.

సీతాఫలం కూడా నిజానికి అమెరికాదే. కానీ అది గుట్ట మీద ఎవరినీ తొక్కేయడం లేదు. స్థలంలో ఉన్న రెండు సీతాఫలం చెట్లనూ నేను ముట్టుకోలేదు. మొక్క పాస్‌పోర్టు చూడటం కంటే అది పక్క మొక్కలతో ఎలా మసలుతోందో చూడటం ముఖ్యం అని నా ఉద్దేశం. ఈ విషయంలో నాతో గొడవ పడే మిత్రులున్నారు, పడనివ్వండి.

ఒక జాగ్రత్త. గుట్ట మీది మొక్కల్ని తవ్వి తెచ్చుకోకూడదు. అటవీ శాఖ భూమి అయితే అనుమతి లేకుండా విత్తనం కూడా తీయకూడదు. ఈ గుట్ట పట్టా భూమి, యజమానిని అడిగాం. అప్పుడు కూడా విత్తనాలే తీసుకున్నాం, అవీ ఒక్కో చెట్టు నుంచి గుప్పెడు మించకుండా. మొక్కలు తవ్వితే ఎలాగూ బతకవు. తునికి, మోదుగ లాంటివి ముందు వేరును లోతుకు దింపుకుని ఆ తర్వాతే పైకి చూస్తాయి. జానెడు మొక్క కింద మూరల కొద్దీ వేరు ఉంటుంది. దాన్ని తెంపితే అయిపోయినట్టే.

పేర్ల గొడవ

జాబితా దొరికింది, మొక్కలు దొరకడం వేరే కథ. నర్సరీల్లో బోగన్‌విలియా వంద రంగుల్లో ఉంటుంది, బిల్లుడు అడిగితే మొహం చూస్తారు. దొరికినా పేరుకు, మొక్కకు పొంతన ఉండదు. ఒక నర్సరీ నుంచి తంగేడు అని 30 మొక్కలు వచ్చాయి. దించేటప్పుడే అనుమానం వచ్చింది, కాడలు మరీ నిటారుగా ఉన్నాయి. తంగేడు ఆకు మొదట్లో, కాడ కొమ్మను కలిసే చోట, చెవి తమ్మె ఆకారంలో ఆకుపచ్చటి రేకు ఒకటి ఉంటుంది. దాని శాస్త్రీయ నామంలో 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నది అనే అర్థం. పైగా జంట ఆకుల మధ్య చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వీటికి చెవులూ లేవు, బుడిపెలూ లేవు. అవి సీమతంగేడు, పెద్ద చెట్టయ్యే రకం. నడుమెత్తు పొదలు కావాల్సిన చోట అవి పెట్టి ఉంటే పదేళ్లకు ఇంటికి ఎండ తగిలేది కాదు. అన్నీ వెనక్కి పంపాం.

అశోకతో కూడా ఇదే తంటా. అశోక అని అడిగితే పొడుగ్గా, వేలాడే ఆకులతో పెరిగే నరమామిడిని ఇస్తారు. మొదటి ఏడాది నాకు అసలు అశోకే దొరికింది, దొరికి చచ్చిపోయింది, అది వేరే సంగతి.

చివరికి సగం మొక్కలు విత్తనం నుంచే పెంచుకున్నాం. రేల, తంగేడు గింజల పైపెంకు గట్టిది. అలాగే వేస్తే నెలల తరబడి మొలవవు. గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, రాత్రంతా నానబెడితే వారం పది రోజుల్లో లేచాయి. వేప గింజ దీనికి పూర్తిగా తలకిందులు, పండు రాలిన రెండు వారాల్లోపు మట్టిలో పడాలి, దాచిపెడితే మొలక శక్తి పోతుంది. మోదుగ కాయలో చివరన ఒక్కటే గింజ ఉంటుంది. దాన్ని సంచిలో వేయకుండా తొలకరికి నేరుగా నేలలోనే పెట్టాం. సంచిలో పెరిగిన వేరు అడుగు తగలగానే చుట్టుకుంటుంది, కదంబం గోతిలో చూశాం కదా.

కొనాల్సి వచ్చినవి అడుగు మించకుండా కొన్నాం. ఆయనకు ఇది నచ్చలేదు. "ఆరడుగుల మొక్కలు ఉన్నాయటగా, తోట వెంటనే నిండుతుంది" అన్నారు. పందెం లాగా ఒక ఆరడుగుల కానుగ, దాని పక్కన అడుగు కానుగ పెట్టాం. పెద్దది రెండేళ్లు కదలకుండా నిలబడింది. మూడో ఏడాది వానల్లో చిన్నది దాన్ని దాటేసింది.

రెండో విడత

ఈసారి గోతుల్లోకి బయటి మట్టి తట్టెడు కూడా రాలేదు. గొయ్యి లోతు తగ్గించి వెడల్పు పెంచాం, గోడలను గునపంతో పొడిచి గరుకు చేశాం. తవ్విన మొరాన్నే తిరిగి పోశాం. పశువుల ఎరువు పైపైన, మట్టి మీద మాత్రమే. నాటే ముందు ప్రతి మెట్టు మీదా ఒక గొయ్యి తవ్వి, బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతున్నాయో చూశాం. పైన గంటలోపే ఇంకాయి. కింద మర్నాటి పొద్దుటిదాకా నిలిచాయి. ఆ కింది భాగంలో కానుగ, నేరేడు, గట్టు మీద వట్టివేరు తప్ప ఇంకేం పెట్టలేదు.

వాలు మీద ప్రతి మొక్కకూ దిగువన అర్ధచంద్రం ఆకారంలో చిన్న కట్ట. ఇంటి కప్పు నీళ్లు ఒక కందకంలోకి. ఆకులూ గడ్డీ కప్పాం గానీ కాండానికి జానెడు దూరం వదిలేశాం. ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ, తడి ఆరిన మొక్క కాండానికి ఆకులు ఆనితే తొక్క తినేస్తాయి. పైన ఎండు బెరడు మీద మట్టి గూడు కట్టినంత మాత్రాన కంగారు పడాల్సిన పనిలేదు. అవి చచ్చిన బెరడు తింటున్నాయి, చేత్తో దులిపేస్తే చాలు.

నాటడానికి తొందరపడలేదు. మొదటి వానకే అందరూ మొక్కలతో దిగుతారు, తర్వాత రెండు వారాలు మబ్బు మొహం చూపించదు. ఇనుప చువ్వ ఒకటి నేలలో గుచ్చి చూశాం. అడుగు లోతుకు సులువుగా దిగిన రోజునే నాటడం మొదలుపెట్టాం. అది జూలై రెండో వారం.

వాళ్లబ్బాయి ఫోన్‌లో మియావాకీ అడవి వేద్దామన్నాడు. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు దగ్గర దగ్గరగా పెడతారు. నేను వద్దన్నాను. అది దట్టమైన, గుబురు అడవులు సహజంగా ఉన్న చోటు నుంచి వచ్చిన పద్ధతి. మన గుట్ట మీద చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఉంది, ఎడంలో గడ్డి ఉంది, గడ్డిలో పురుగులున్నాయి, వాటి కోసం పిట్టలున్నాయి. పైగా మొదటి రెండు మూడేళ్లు దానికి నీళ్లు బాగా కావాలి. తమాషా ఏమిటంటే, మియావాకీ మొదటి సూత్రం ఆ చోట సహజంగా ఏ అడవి ఉండేదో కనుక్కుని ఆ జాతులే నాటమని. చాలామంది ఆ ముక్క వదిలేసి, దగ్గరగా నాటడం ఒక్కటే పట్టుకున్నారు.

లాన్ విషయంలో మాత్రం నేనే దిగొచ్చాను. ఆవిడకు కూర్చోడానికి పచ్చటి చోటు కావాలి. ఇంటి ముందు చిన్న చాప అంత గరిక వేశాం. వేసవిలో గోధుమ రంగుకు మారుతుంది, రెండు వానలకు లేస్తుంది. కార్పెట్ గడ్డి అయితే రోజూ నీళ్లు అడిగేది.

ప్రహరీ వెంట కంచెకు కలివి, వావిలి, ముళ్లగోరింట కలిపి పెట్టాం. మేకలు బందారును ముట్టుకోవని తాత చెబితే గేటు పక్కన అది కూడా. పక్కింటాయన గోడ వెంట కోనోకార్పస్ అనే విదేశీ చెట్ల వరస ఉంది, ఏడాదిలో గోడ కట్టినట్టు లేచింది. మా కంచె చూసి ఆయన జాలిపడ్డాడు. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించిందని చెప్పాను. "పురుగు కూడా ముట్టదండీ దాన్ని" అన్నాడు గొప్పగా. పురుగు ముట్టని మొక్క మీద పిట్టకేం పని?

ఆకులు తిన్నది ఎవరు

ఆ పురుగు సంగతే రెండో వానాకాలంలో పెద్ద టెన్షన్ తెచ్చింది. ఆవిడ ఫోన్ చేశారు. "రేలకు పురుగు పట్టిందండీ, ఒక్క ఆకు మిగల్లేదు. ఏదైనా మందు కొట్టించమంటారా?" కొట్టించొద్దు, వస్తున్నానన్నాను.

వెళ్లి చూస్తే నిజంగానే ఈనెలు తప్ప ఏం లేవు. వంగి చూస్తే ప్రతి ఈనె మీదా సన్నటి ఆకుపచ్చ గొంగళిపురుగు, పక్కల వెంట నల్ల చుక్కల గీత. ఈనె రంగులో ఎంత కలిసిపోయాయంటే, నేను చూపించేదాకా ఆవిడకు కనపడలేదు. ఒకటి కనపడ్డాక ఇంక అన్నీ కనపడ్డాయి, రెండడుగులు వెనక్కి వేశారు. కామన్ ఎమిగ్రెంట్ అనే లేతపసుపు సీతాకోకచిలుక పిల్లలవి. అది గుడ్లు పెట్టేది రేల, తంగేడు కుటుంబం మొక్కల మీదే. ఆకు పోయినా రేల చావదు, పది రోజులు ఓపిక పట్టండి అన్నాను. ఆయన మాత్రం నా మొహం అనుమానంగా చూశారు, 41 మొక్కల సంగతి ఇంకా మర్చిపోలేదు పాపం.

రెండు వారాల తర్వాత రేలకు రాగి రంగు చిగురు వచ్చింది. పక్కన ముళ్లగోరింట ఆకుల అడుగున ఆకుపచ్చ గూళ్లు వేలాడుతున్నాయి. ఒకటి ఆవిడ కళ్లముందే విచ్చుకుంది, వీడియో నాకు పంపారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పురుగుమందు మాట రాలేదు. జిల్లేడు మీద చారల పురుగు కనిపించినా, కరివేపాకు మీద పిట్ట రెట్టలా ఉండే పురుగు కనిపించినా ఇప్పుడు నాకు ఫొటోలే వస్తాయి, ఫిర్యాదులు రావు.

అన్ని పురుగుల్నీ వదిలేయమని కాదు. కుండీలో మందారానికి పిండినల్లి పట్టింది. దాన్ని నీళ్ల ధారతో కొట్టి, ముదిరిన కొమ్మలు నరికేయాల్సి వచ్చింది.

మూడో వేసవి నాటి లెక్క

రెండో విడతలో నాటినవి 120. రెండు వేసవులు దాటాక 97 ఉన్నాయి. తోట మొదటి వేసవిలో, అంటే మొదటి విడతకు, వారానికోసారి మొక్కకు బకెట్ చొప్పున నీళ్లు. రెండో వేసవిలో మూడు వారాలకోసారి. మూడో వేసవిలో నేరేడుకు, అడుగున ఉన్న మూడు కానుగలకు తప్ప ఇంక దేనికీ పోయలేదు. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. దండిగా పోసి, బాగా ఎడం ఇస్తే నీటి వెంట కిందికి దిగుతుంది.

కుదరనివి కూడా చెప్పాలి. బిల్లుడు మూడింట రెండు పోయాయి, నర్సరీ సంచిలో వేరు తెగి ఉంటుందని నా అనుమానం. నేరేడు బతికింది గానీ మేలో కొసలు మాడుతూనే ఉంది, కాస్త పైకి పెట్టానేమో. కలివి మరీ నెమ్మది. రెండేళ్లయినా కంచెలో ఒక చోట మేక దూరేంత సందు ఉంది, తాత అక్కడ ముళ్లకంప అడ్డం పెట్టాడు. అంకుడు మాత్రం ఎక్కడ పెట్టినా పెరిగింది. మూడో ఏడాది ఏప్రిల్‌లో తెల్లటి పూలు పూసింది, కొసలు కలిసిన జంట కాయలు కాసింది. వేప మేం ఒక్కటీ నాటలేదు. పిట్టలు వేసిన గింజల నుంచి మొలిచినవి పీకలేక చస్తున్నాం.

మొదట్లో స్థలం చదును చేసినప్పుడు గోడ మూలన ఒక మోదుగను నరికేశారు. మొద్దు మాత్రం మిగిలింది. మేం గింజ వేసిన మోదుగలు ఇంకా మోకాలు దాటలేదు. ఆ మొద్దు నుంచి లేచిన కొమ్మలు మాత్రం తలెత్తుకు వెళ్లాయి. మూడో ఏడాది జనవరిలో ఆకులన్నీ రాల్చేసింది. "మోదుగ ఎండిపోయిందండీ" అని ఆవిడ దిగులుగా ఫోన్ చేశారు. ఫిబ్రవరి చివర్లో ఆ కొమ్మలకు నాలుగైదు గుత్తులు పూశాయి. ఊదా రంగు తేనెపిట్టలు పొద్దున్నే దిగి, ఒక్కో పువ్వులోకీ ముక్కు దూర్చి, ఇటు నుంచి అటు దూకుతున్నాయి. ఆయన అడిగిన మూడో కోరిక అలా నేను నాటని చెట్టు తీర్చింది.

అది చూశాకే నాకు మొదటి తప్పు కంటే ముందు జరిగిన తప్పు తెలిసొచ్చింది. జేసీబీ రాకముందు ఈ స్థలం కూడా గుట్టలో ముక్కే. నేల కింద వేళ్లు, మొద్దులు, గింజలు అన్నీ ఉండే ఉంటాయి. చదును చేశాక ఖాళీ స్థలం అనుకుని మొక్కలు కొనుక్కొచ్చాం. ఇప్పుడు ఎవరైనా కొత్త స్థలానికి పిలిస్తే, చదును చేయకముందు ఒక్క వానాకాలం ఆగమంటాను. ఏం లేస్తుందో చూసి, ఉంచాల్సిన వాటికి సున్నం గుర్తు పెట్టి, అప్పుడు జేసీబీని పిలవమంటాను. పదిమందిలో ఇద్దరు ఆగుతారు.

ఇక్కడ ఈశాన్య మూలకు జేసీబీ సరిగ్గా చేరలేదట, రాళ్లు అడ్డొచ్చాయని. మేం కూడా అక్కడ ఏమీ నాటలేదు, నీళ్లు పోయలేదు, కలుపు తీయలేదు. ఈ జూన్‌లో గడ్డి పక్కకు తీసి చూస్తే తునికి పిలకలు, లేత చిగుళ్లతో. పదకొండు లెక్కపెట్టాను. వాటన్నిటి చుట్టూ తాత అప్పటికే రాళ్లు పేర్చి ఉంచాడు, గడ్డి కోసేవాళ్లు కొడవలి వేయకుండా.